పాతాళికి రాసిన లోపం

పదవీ విరమణకు ఇంకా పద్నాలుగు నెలలు ఉందనగా, ఒక జూన్ మొదటి సోమవారం నన్ను ‘నొయ్యల్ దళం’ అనే కామిక్ మొదటి సంచికకు ఇష్యూ ఎడిటర్‌గా నియమిస్తూ ఉత్తర్వు వచ్చింది. కోయంబత్తూరులో పిల్లల పుస్తకాలు, కామిక్స్ అచ్చువేసే ఒక సంస్థలో అప్పటికి ముప్ఫై ఏళ్ళుగా పనిచేస్తున్నాను. మా దగ్గర మెట్లు ఇలా ఉండేవి: ట్రెయినీ ఆర్టిస్టు, ఆర్టిస్టు, సీనియర్ ఆర్టిస్టు, ఆపైన ఇష్యూ ఎడిటర్, అందరి నెత్తిన మేనేజింగ్ ఎడిటర్. మొదటి కథా చర్చ నుంచి అచ్చు ప్లేట్లు యంత్రానికి ఎక్కేదాకా సంచికకు జవాబు చెప్పవలసింది ఇష్యూ ఎడిటరే. సంచిక బాగా వస్తే పేరు పైవాళ్ళది, పాడైతే సంతకం నాది.

ఆ సంచికను అడిగింది మా ఊళ్ళోని తెలుగు కుటుంబాల సంఘం. తరతరాల కిందట ఈ గడ్డకు వచ్చి స్థిరపడినవాళ్ళం మేము. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో తమిళం చదువుతాం. మనవల కాలానికి ఆ మాట్లాడడం కూడా సన్నగిల్లింది కాబట్టి, పిల్లలకు మన భాషలో మన సూపర్‌హీరోలు కావాలని సంఘం తీర్మానించింది. ముప్ఫై రెండు పేజీలు. మాటలు తెలుగు, అక్షరాలు తమిళం, ఎందుకంటే పిల్లలకు వచ్చిన అక్షరాలు అవే. వీరులు అయిదుగురు. సంఘాన్ని నడిపించే నాలుగు కుటుంబాలకు తలా ఒక వీరుడు. తుడియలూరులో పంపులు తయారుచేసే వెంకటపతిగారు సంఘాధ్యక్షులు, ఆయన ఇంటికి జలవీరుడు. సూలూరు మిల్లు వాళ్ళకు నూలుమిత్ర. ఆర్.ఎస్. పురం నగల అంగడి వాళ్ళకు స్వర్ణకవచం. మదురైలో సంఘం శాఖను నడిపే ఇంటికి ఉక్కుపిడికిలి.

అయిదో పాత్ర సంగతి వేరు. నగరం వీధులు ఊడ్చే, మిల్లుల్లో కూలి చేసే కుటుంబాలు కూడా ఈ తెలుగే మాట్లాడతాయి. వాళ్ళ నుంచి ఒక్కరూ లేకపోతే రేపు ఎవరైనా ఏమైనా అంటారని, వాళ్ళ తరఫున ఒక పిల్లను కూడా పెట్టమన్నారు. ఆ పిల్లకు పేరు కూడా పంపలేదు.

మా వృత్తిలో పెన్సిల్ పట్టుకునే ముందు ప్రతి పాత్రకూ ఒక పత్రం రాస్తాం. అందులో ఆరు గడులు: పేరు, ఇల్లు, శక్తి, కోరిక, లోపం, ఆఖరి పేజీకి వచ్చే మార్పు. అయిదో గడి ఖాళీగా ఉంటే ఆరో గడిలో రాయడానికి ఏమీ ఉండదు. లోపం లేని వీరుడు మొదటి పేజీలో ఎలా నిలబడ్డాడో ముప్ఫై రెండో పేజీలోనూ అలాగే నిలబడతాడు, మధ్యలో వీపు మీది గుడ్డ మాత్రం గాలికి ఎగురుతుంది. పాత్ర పత్రం మీద సంచిక అడిగినవాళ్ళ సంతకం ఉండాలి. తర్వాత ఏ గడి మార్చినా పత్రం తిరగరాసి మళ్ళీ సంతకం తీసుకోవాలి. ఈ నియమం పెట్టించింది నేనే. దానివల్ల నాకు ఆఫీసులో స్నేహితులు తగ్గారు కానీ సంచికల్లో గందరగోళం కూడా తగ్గింది.

పత్రాలను మా ఆఫీసు వాళ్ళు నాలుగిళ్ళకూ ఒకే రోజు కొరియర్లో పంపి పప్పులో కాలేశారు. మాలో పెళ్ళి పిలుపు ఇంటింటికీ వరసగా వెళ్ళాలి, పెద్ద గడప ముందు, చిన్న గడప తర్వాత. ఆ వరస కోయంబత్తూరులో ఏ కాగితానికైనా వర్తిస్తుందని మా కొరియర్ కుర్రాడికి ఎవరూ చెప్పలేదు. సూలూరుకు పదింటికి, తుడియలూరుకు పన్నెండింటికి చేరాయి. వెంకటపతిగారు తన కవరు విప్పకుండానే వెనక్కి పంపారు. మిగిలిన ముగ్గురూ విప్పారు. సూలూరు వాళ్ళు లోపం గడిలో ‘నిద్ర తక్కువ, పని ఎక్కువ’ అని రాశారు. ఆర్.ఎస్. పురం వాళ్ళు ఆ గడిని స్కేలు పెట్టి కొట్టేసి పక్కన సంతకం చేశారు. మిగతావాళ్ళు ఏమి రాశారో చూసి చెబుతామని మదురై నుంచి జవాబు వచ్చింది.

ఇక నేనే పళ్ళూ తాంబూలమూ పళ్ళెంలో పెట్టుకుని, పత్రాలతో వరస ప్రకారం బయల్దేరాను. బొమ్మలు గీయవలసిన మనిషి కూడా ఉంటే మంచిదని ఎస్తేర్‌ను వెంట తీసుకువెళ్ళాను. ఎస్తేర్ మా ట్రెయినీ ఆర్టిస్టు. ఈ సంచికకు నేను రాసే మదింపును బట్టే ఆమెను ఆర్టిస్టుగా ఖాయం చేయాలి. వాళ్ళ నాన్న ఊరి మురుగు కాలవల్లో దిగి పనిచేసిన మనిషి. ఎనిమిది నెలలు నా ఎదుటి బల్ల దగ్గర కూర్చుని నాతో తమిళమే మాట్లాడింది. ఒకరోజు ఇంకు సీసా ఒలికినప్పుడు ఆ సీసాను తెలుగులో తిట్టగా విని, నీదీ తెలుగేనా అని ఆశ్చర్యపోయాను. ఆమె ఆశ్చర్యపోలేదు. నేను మా అమ్మతో ఫోన్లో మాట్లాడేది మొదటి వారంలోనే విన్నదట.

తుడియలూరులో వెంకటపతిగారు మర్యాదగానే కూర్చోబెట్టారు. లోపం గడి ఎందుకో అరగంట వివరించాను. ఆయన ఓపికగా విన్నారు.

“చూడమ్మాయీ, మా వానికి కురై ఉండాదని అచ్చేస్తే, రేపు సంబంధం మాట్లాడను వచ్చేవాండ్లు ముందర అదే అడుగుతారు. ముడియాదు.”

కురై అంటే లోపం, ముడియాదు అంటే కుదరదు. బొమ్మల వీరుడికి పెళ్ళి సంబంధాలేమిటని నేను అడగలేదు. గంటసేపు బేరమాడితే జలవీరుడికి ‘మితిమీరిన దయ’ అనే లోపం మంజూరయింది. మిగతా మూడిళ్ళలోనూ అంతకన్నా ఎక్కువ రాలలేదు. మదురైకి బస్సెక్కి వెళ్తే ఉక్కుపిడికిలికి ‘కొంచెం మొహమాటం’ ఇచ్చి, అది కూడా శత్రువులతో మాత్రమేనని బ్రాకెట్లో రాయించుకున్నారు. అయిదో పాత్ర పత్రం తీసి చూపిస్తే నలుగురూ ఒకే మాట అన్నారు. అది మా ఇష్టమట. లోపాలేమైనా తప్పనిసరిగా పెట్టాలంటే ఆ పిల్లకు పెట్టుకోమన్నారు. ఆ పత్రం మీద చదవకుండానే సంతకాలు పడ్డాయి.

ఆ నాలుగిళ్ళలో ఇంకొకటి కూడా జరిగింది. మొదటి ఇంట్లో నాకు స్టీలు టంబ్లరులో కాఫీ, ఎస్తేర్‌కు కాగితపు కప్పులో కాఫీ వచ్చాయి. టంబ్లర్లు చాల్లేదేమో అనుకున్నాను. రెండో ఇంట్లోనూ అలాగే వస్తే, చిన్నవాళ్ళకు అలా ఇస్తారేమో అనుకున్నాను. మూడో ఇంట్లో వంటగది గట్టు మీద బోర్లించిన టంబ్లర్ల వరస నేను కూర్చున్న చోటికి కనబడుతూనే ఉంది. నాలుగో ఇంట్లో కాగితపు కప్పు వస్తుందని నాకు ముందే తెలుసు. వచ్చింది. నాకు సిగ్గేసింది. సిగ్గుపడుతూనే కాఫీ తాగి, బాగుందని చెప్పి లేచాను.

మర్నాడు ఎస్తేర్ అయిదో పత్రం నింపి నా బల్ల మీద పెట్టింది. పేరు పాతాళి. ఇల్లు, కూలీల వీధి. శక్తి, భూమి కింద జరిగేది వినగలగడం. కోరిక, ఒక్కసారైనా తన మాట ఎవరైనా చెవిన పెట్టడం. లోపం గడిలో మూడే మాటలున్నాయి: తెలిసీ నోరు మెదపదు. చదివి చాలా సంతోషించాను. నా సర్వీసులో అంత పనికొచ్చే లోపం ఎవరూ రాసి ఇవ్వలేదు. బాగుందని మెచ్చుకున్నాను. ఎలా తోచిందని మాత్రం అడగలేదు.

ప్రతినాయకుడి విషయంలో మరో పది రోజులు పోయాయి. మా ఊరి నొయ్యల్ నదిలోకి రంగునీళ్ళు వదిలే ఒక అద్దకం యజమాని అని మొదట అనుకున్నాం. సంఘం సభ్యుల్లో ఒకరి అల్లుడికి అద్దకం పని ఉన్నందువల్ల అది వీల్లేదన్నారు. చివరికి వేరే గ్రహం నుంచి వచ్చి నదిని తాగేసే ‘దప్పి’ అనే జంతువు ఖాయమయింది. ఆ గ్రహంలో తమకు బంధువులెవరూ లేరని నాలుగిళ్ళూ తేల్చుకున్నాకే పెన్సిల్ దశ మొదలుపెట్టాం.

పెన్సిల్ దశలో సంఘం వారికి కథతో పని పడలేదు, గడుల లెక్కతోనే పని. నలుగురు వీరులకూ బొమ్మల గడులు సమానంగా ఉండాలి. పేజీ మొత్తం ఒకే బొమ్మ ఉంటే దాన్ని స్ప్లాష్ పేజీ అంటాం. మొదటి స్ప్లాష్‌లో వీరులు పెళ్ళి పత్రికలో పేర్లలాగా పెద్ద గడప వరసలో నిలబడాలని వెంకటపతిగారు, గడప పెద్దరికం మాదేనని మదురై వారు పట్టుబట్టారు. ఎస్తేర్ నలుగురినీ వలయంగా నిలబెట్టి పైనుంచి గీసింది. అందులో ముందూ వెనకా లేవు కానీ నడినెత్తులు తప్ప ముఖాలు కూడా లేవు. చివరికి గ్రూప్ ఫోటోలో మాదిరిగా ఒకే ఎత్తున, ఒకే వరసలో నిలబెట్టాం. పోరాటంలో ఎవరూ కింద పడకూడదన్నారు. ఉక్కుపిడికిలి రెండడుగులు వెనక్కి వేసిన గడిని అడుగున్నరకు తగ్గించమని మదురై నుంచి రాతపూర్వకంగా వచ్చింది.

పాతాళి గడులను ఎవరూ లెక్కపెట్టలేదు. అందువల్ల కథంతా అక్కడ చేరింది. తొమ్మిదో పేజీలో దప్పి ఊరి కిందకు చేరిన శబ్దం పాతాళి వింటుంది. వచ్చి చెబుతుంది. ముందు ఎవరు నడవాలో తేల్చుకోవడంలో ఉన్న నలుగురు వీరులూ ఆ మాట చెవిన పెట్టరు. ఆమె మూతి ముడుచుకుని, వాళ్ళే వచ్చి అడిగేదాకా చెప్పకూడదని వెళ్ళిపోతుంది. తర్వాత రెండుసార్లు వింటుంది, రెండుసార్లూ కిమ్మనదు. పదిహేడో పేజీలో భూమి కుంగి ఒక వీధి మొత్తం మునిగిపోతుంది. మునిగింది ఆమె వీధే. ఇరవై ఆరో పేజీలో పాతాళి నోరు తెరిచి నలుగురికీ ఎవరు ఎక్కడ నిలబడాలో గట్టిగా చెబుతుంది, వాళ్ళు నిలబడతారు. నిలబడడం వాళ్ళకు మొదటి నుంచీ బాగా వచ్చు.

ప్లేట్లు తీసేముందు డమ్మీ ప్రతిని, అంటే నమూనా పుస్తకాన్ని, కొందరు పిల్లలకు చదివి వినిపించడం మా పద్ధతి. సంఘం హాల్లో సంఘం కుటుంబాల పిల్లలనే కూర్చోబెట్టి నేను చదివాను. పదిహేడో పేజీ దగ్గర వెనక వరస పిల్లలు ముందుకు జరిగి కూర్చున్నారు. అయిపోయాక మీలో ఎవరు ఏ వీరుడవుతారని అడిగితే అందరూ పాతాళి అన్నారు. మగపిల్లలు కూడా అన్నారు. వెంకటపతిగారి ఎనిమిదేళ్ళ మనవరాలు ఆయన పంచె పట్టుకుని, “తాతా, మన జలవీరుడు యేమి చేసినాడు?” అని అడిగింది. ముందర నిలబడినాడు కదా కన్నూ అన్నారాయన.

ఆ వారంలోనే మేనేజింగ్ ఎడిటర్ నన్ను గదికి పిలిచారు. సంఘం చిన్న మార్పు ఒకటి అడిగిందన్నారు. ఆఖరి పేజీలో ఒక క్యాప్షన్ పెట్టె, అంటే బొమ్మ మూలన కథకుడి మాటలు రాసే చిన్న చతురస్రం. అందులో, పాతాళి నిజానికి వెంకటపతిగారి వంశంలో పుట్టి, పసితనంలో వరదకు కొట్టుకుపోయి, కూలీల వీధిలో పెరిగిన బిడ్డ అని రాయాలి. అంత తెగువ వేరే రక్తంలో ఎలా వస్తుందని అధ్యక్షులవారి వాదన. పన్నెండు మాటలకు మించదని మేనేజింగ్ ఎడిటర్ నన్ను సముదాయించారు. ఎస్తేర్ ఉద్యోగం ఖాయం చేసే ఫైలు కూడా తన బల్ల మీదే ఉందన్నారు. ఈ రెండింటికీ సంబంధం ఉందని ఆయన అనలేదు. ఒకదాని తర్వాత ఒకటి చెప్పారు, అంతే.

ఎస్తేర్‌కు ఈ మాట నేను తేలిగ్గానే చెప్పాను. బొమ్మ మార్చనక్కరలేదు, ఒక్క పెట్టె గీస్తే చాలు, ఫైలు కూడా కదులుతుంది అన్నాను. ఆమె కుంచె కడిగి, తుడిచి, పక్కన పెట్టింది. ఆఫీసులో నన్ను మేడమ్ అనేది. ఆ రోజు అనలేదు.

“పాతాళికి ఆ లోపం యాడనుంచి తెచ్చినానో మీరు అడగనే లేదు అక్కా. మీనించే తెచ్చినాను. నాలుగిండ్లలోనూ చూసినారు. చూసి, కాఫీ బాగుండాది అని చెప్పినారు.”

నేను ఫైలు సంగతి మళ్ళీ ఎత్తబోతే ఆమె ఆగలేదు.

“పాతాళి ఇరవై ఆరో పేజీలో నోరు తెరుస్తుంది. మీరు యే పేజీలో తెరుస్తారో అది మీ ఇష్టం. ఆ పెట్టె మాత్రం నేను గీయను. అది మా వీధి పిల్ల.”

నాకు ముందు కోపమే వచ్చింది. ఒక ట్రెయినీ ఇష్యూ ఎడిటర్‌తో మాట్లాడే తీరు కాదిది. ఆ మాట మేనేజింగ్ ఎడిటర్‌కు చెబుదామని లేచి, తలుపు దాకా వెళ్ళి ఆగాను. ఫిర్యాదులో ఏమని రాయాలి? నేను చూసినదాన్ని చూశానని ఆమె అన్నది అనా? వెనక్కి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. ఎస్తేర్ అప్పటికి ఇంకో పేజీకి ఇంకు వేస్తోంది.

శనివారం ఉదయం సంఘం హాల్లో సమావేశం. నాలుగిళ్ళ పెద్దలు, మేనేజింగ్ ఎడిటర్, నేను. నియమం ప్రకారం పాతాళి పత్రం తిరగరాసి తీసుకువెళ్ళాను. ఇల్లు అనే గడిలో వెంకటపతిగారి వంశం అని రాశాను. లోపం గడిని ముట్టుకోలేదు. తెలిసీ నోరు మెదపదు. దాని కింద మాత్రం, ఆ కారణంగా ఒక వీధి మునిగింది అని చేర్చి, సంతకానికి ఆయన ముందు పెట్టాను.

వెంకటపతిగారు కళ్ళజోడు సర్దుకుని చదివేలోపు పక్కనున్న సూలూరు పెద్దాయన చదివేశారు. అయితే వీధి మునిగింది తుడియలూరు వాళ్ళ వల్లనా అని హాయిగా నవ్వుతూ అడిగారు. ఆ వాక్యాన్ని కాస్త పెద్ద అక్షరాల్లో వేయవచ్చునా అని మదురై ప్రతినిధి విచారించారు. అధ్యక్షులవారు పిల్లను ఉంచి లోపం తీసేయమన్నారు. లోపం తీసేస్తే తొమ్మిదో పేజీ నుంచి ఇరవై ఆరు దాకా పోతాయని, మిగిలిన పద్నాలుగు పేజీల్లో నలుగురు నిలబడి ఉంటారని, సోమవారం ప్లేట్లు తీయాలని చెప్పాను. మేనేజింగ్ ఎడిటర్ నావైపు కళ్ళతో సైగ చేస్తున్నారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ సైగను మన్నిస్తూ వచ్చినదాన్నే.

మా వృత్తిలో కంటిన్యుయిటీ అని ఒకటుంది. ఒక గడిలో వీరుడి ఎడమ చెయ్యి విరిగితే తర్వాతి గడిలో కుడి చేతికి కట్టు ఉండకూడదు. పత్రం మీద సంతకం ఆగిపోయిన ఆ క్షణంలో నాకు తోచింది అదే. మా ఇంటి భాషలోనే చెప్పాను.

“పెద్దాయనా, ఈ పిల్లను గీసింది ఎస్తేర్. నాతోపాటు మీ ఇండ్లకు వచ్చింది. నాకు టంబ్లర్లో కాఫీ ఇచ్చినారు, ఆ పిల్లకు కాగితం కప్పులో ఇచ్చినారు. నేను చూసినాను, మాట్లాడలేదు, అది నా తప్పే. ఇప్పుడేమో ఆ పిల్ల గీసిన పిల్లను మా ఇంటి బిడ్డ అంటుండారు. ఈ రెండూ ఒక కథలో ఎట్ల కుదురుతాయో చెప్పండి, అట్లే రాస్తాను.”

నగల అంగడి ఆయన గోడ మీది క్యాలెండరు చూడసాగారు. వెంకటపతిగారు పత్రాన్ని నావైపు తోశారు.

“సరి. ఆ పిల్ల వాండ్ల పిల్లే. అట్లే ఉండనీ.”

న్యాయం తోచి అన్నారని నేను నమ్మను. సూలూరు పెద్దాయన నవ్వు ఆయన చెవిలో ఇంకా మోగుతూనే ఉండి ఉంటుంది. సంచిక పాతాళి వీధి మారకుండానే అచ్చయింది. కథ, బొమ్మలు: ఎస్తేర్ అని మొదటి పేజీలోనే వేయించాను. ఆమెకు అనుకూలంగా నేను రాసిన మదింపు అప్పటికే ఫైల్లో చేరింది, దాన్ని కాదనాలంటే కారణం రాయాల్సి వస్తుంది కాబట్టి ఆమెను ఖాయం చేశారు.

రెండో సంచికను అధ్యక్షుల కోరికపై వేరే ఎడిటర్‌కు ఇచ్చారు. అప్పటికి సంఘానికి పాత్రల ఎదుగుదల మీద గొప్ప శ్రద్ధ కలిగింది. ఈసారి లోపం గడులు నిండి, అదనపు కాగితాలు కూడా జతచేసి వచ్చాయి. ప్రతి ఇల్లూ మిగతా మూడిళ్ళ వీరుల లోపాలు రాసి పంపింది. వెంకటపతిగారి ఇంట్లో ఇప్పుడు ఆఫీసు నుంచి ఎవరు వెళ్ళినా, అందరికీ కాగితపు కప్పుల్లోనే కాఫీ ఇస్తున్నారని విన్నాను.

ఎస్తేర్ నాకు ఎన్నడూ కృతజ్ఞత చెప్పలేదు. నేను రిటైరయ్యేదాకా ఎదుటి బల్ల దగ్గరే పనిచేసింది, పలకరిస్తే పలికింది, మళ్ళీ మేడమ్ అనడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళు నేను ఆ కృతజ్ఞత మాట కోసం ఎదురుచూశాను, బాధపడ్డాను కూడా. ఒకరు తయారుచేసినది వాళ్ళకే ఉండనివ్వడం ఎడిటర్ పనిలో భాగం, అందులో నేను ఆమెకు ఇచ్చింది ఏమీ లేదు. ఇంత చిన్న సంగతి తెలియడానికి నాకు ముప్ఫై ఏళ్ళ సర్వీసు చాలలేదు, దాని మీద ఇంకో ఏడాది పట్టింది.